చెడు కబురు మీదాకా ఎంత త్వరగా వస్తోంది?

హైదరాబాద్ జీడిమెట్లలో మాకు అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్ ఉంది. మందుల కంపెనీలకు, బిస్కెట్ల వాళ్ళకు మూడు ప్లై, ఐదు ప్లై (మూడు, ఐదు కాగితపు పొరల) పెట్టెలు వేస్తాం. మా మామయ్యగారు 1994లో పెట్టారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నాక 2011లో ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అప్పుడు పనివాళ్ళు 22 మంది, ఇప్పుడు 46 మంది. నేను చదివింది బీకాం. యజమాని ఎలా మసలుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు. మామయ్యగారు గట్టిగా మాట్లాడేవారు, పని జరిగేది. నేనూ అలాగే మాట్లాడాను.

2016 జులైలో వారం రోజులు వదలకుండా వాన. ఒక మందుల కంపెనీకి 3,200 ఐదు ప్లై పెట్టెలు పంపాం. వాళ్ళ గోడౌన్‌లో సిరప్ సీసాలు నింపి ఎనిమిది వరుసలు పేర్చారు. రెండో రోజుకి అడుగు పెట్టెల పొరలు విడిపోయి వరుసంతా ఒరిగి పడింది. సీసాలు పగిలాయి. మిగిలిన పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి, వాటితోపాటు 2 లక్షల 14 వేలకు డెబిట్ నోటు, అంటే మాకు ఇవ్వాల్సిన దాంట్లో అంత కోసుకుంటామన్న కాగితం.

తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ, పొరలు జిగురుతో అతికించే పేస్టింగ్ దగ్గరికి వెళ్ళాను. ఆ మెషిన్ మీద శ్రీకాకుళం అబ్బాయి ఉంటాడు. తల దించుకుని చెప్పాడు: "నాకు మంగళవారమే తెలుసమ్మా. షీటు చేత్తో లాగితే ఊడొచ్చేస్తోంది. వానకి ఆరట్లేదు."

"మరి చెప్పలేదేం నాయనా?"

"అంతకుముందు వారం పెట్టెలు కుట్టే తీగ అయిపోయిందని చెప్పినందుకు స్టిచింగ్ ఆయన్ని అందరి ముందూ తిట్టారు కదమ్మా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు కంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. మంగళవారం పొద్దున్నే నాకు తెలిసుంటే ఓ రెండు వందల షీట్లు పక్కన పడేసి, జిగురు చిక్కగా మళ్ళీ కలిపించి, కంపెనీకి ఫోన్ చేసి రెండు రోజులు గడువు అడిగేదాన్ని. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నా నోరు.

అప్పటినుంచి వ్యాపారం నడిపేవాళ్ళు ఎంత ఎదిగారో చూడటానికి నేను ఒక్కటే కొలత పెట్టుకున్నాను. చెడు కబురు వాళ్ళదాకా ఎంత త్వరగా వస్తోంది? అమ్మకాలు పెరగడం, బ్రాంచీలు పెట్టడం, నలుగురిలో బాగా మాట్లాడటం, ఇవన్నీ దాని తర్వాతే. కబురు ఆలస్యంగా వచ్చే చోట ఎంత తెలివైనవాళ్ళైనా ఆలస్యంగానే నిర్ణయం తీసుకుంటారు. నేను నేర్చుకున్న అలవాట్లన్నీ ఈ ఒక్క పని కోసమే. మీది పది మంది ఉన్న షాపైనా, రెండు వందల మంది ఉన్న ఫ్యాక్టరీ అయినా వీటిని ఉన్నవున్నట్టు మొదలుపెట్టవచ్చు.

ముందు ఒక నెల రాయండి

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. పేజీకి నాలుగు గడులు గీయండి. ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, నాకు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు. మెషిన్ ఆగినా, సరుకు వెనక్కి వచ్చినా, మనిషి మానేసినా, కస్టమర్ అలిగినా ప్రతిదీ ఒక లైను. ఆ నెల ఏదీ మార్చడానికి ప్రయత్నించకండి, రాయండి చాలు.

'ఎవరి తప్పు' అని ఐదో గడి మాత్రం గీయకండి. ఆ గడి ఉన్న పుస్తకం మీ బల్ల మీద ఉందని తెలిసిన రోజునుంచి మీకు కబుర్లు ఆగిపోతాయి.

నా మొదటి నెలలో 27 లైన్లు వచ్చాయి. అందులో అదే రోజు నాకు తెలిసినవి ఆరు. పదకొండు కస్టమర్ల నోటివెంట విన్నాను. మిగిలిన పది నాకు నేనుగా అనుకోకుండా చూసినవి. రోజుకి పది గంటలు యూనిట్‌లోనే ఉండే మనిషిని, నా సొంత ఇంట్లో జరిగేది బయటివాళ్ళ ద్వారా తెలుసుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

నాలుగో గడి ఇంకా విలువైనది. అదే రోజు తెలిసిన ఆరు కబుర్లూ ఇద్దరు మనుషులే చెప్పారు, వాచ్‌మన్, డిస్పాచ్ రాసే అమ్మాయి. ఎందుకని ఆలోచించాను. రోజూ గేటు తీసేటప్పుడు వాచ్‌మన్‌ని వాళ్ళ అబ్బాయి చదువు గురించి అడుగుతాను. డిస్పాచ్ అమ్మాయి, నేను మధ్యాహ్నం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుతాం. మిగిలిన 44 మందితో నేను మాట్లాడేది పని చెడినప్పుడు మాత్రమే.

ఉదయం చుట్టు

రోజూ 8:45కి యూనిట్ చుట్టి వస్తాను, 25 నిమిషాలు. ఫోన్ బ్యాగులో ఉంటుంది, బ్యాగు ఆఫీసు గదిలో ఉంటుంది. ముందు కాగితపు రీళ్ళ గోడౌన్, తర్వాత కాగితాన్ని అలలుగా చేసే కారుగేషన్, పేస్టింగ్, మడత గీతలు వేసే క్రీజింగ్, మూత రెక్కలకు గాట్లు కోసే స్లాటింగ్, తీగతో కుట్టే స్టిచింగ్, చివరికి సరుకు పంపే డిస్పాచ్. కాగితం ఏ దారిన పెట్టె అవుతుందో అదే దారి. మీ వ్యాపారంలో కూడా సరుకు నడిచే దారినే మీరు నడవండి. హోటల్ అయితే కూరగాయలు దిగే వెనక గుమ్మం నుంచి మొదలుపెట్టండి, క్యాష్ కౌంటర్ నుంచి కాదు.

ఈ చుట్టులో ఒక్క పని కూడా పురమాయించకూడదు. నేను మొదటి రెండు నెలలు ఇక్కడే చెడగొట్టుకున్నాను. కనిపించిన ప్రతిదానికీ "ఇదేంటి ఇక్కడుంది, అది తీయండి" అంటూ వెళ్ళేదాన్ని. మూడో నెలలో వెనక షెడ్డులో టార్పాలిన్ ఎత్తి చూస్తే పాడైన షీట్ల గుట్ట. నేను వచ్చే టైముకి ముందు అక్కడికి మోసి దాచేవాళ్ళు. నేను చుట్టు అనుకున్నాను, వాళ్ళకి అది తనిఖీ. ఇప్పుడు ఏదైనా తేడా కనిపిస్తే మనసులో పెట్టుకుని, తొమ్మిదిన్నరకి సూపర్‌వైజర్‌తో విడిగా మాట్లాడతాను. మనిషికి చెయ్యి తెగే ప్రమాదం ఉంటే మాత్రం అక్కడికక్కడే మెషిన్ ఆపించండి, దానికి ఏ నియమమూ అడ్డు రాదు.

ఏం అడగాలన్నది ముఖ్యం. "ఎలా ఉంది?" అంటే "బాగుంది మేడమ్" అంటారు. "ఏమైనా ప్రాబ్లమా?" అంటే "ఏం లేదు మేడమ్" అంటారు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ముందే తయారుగా ఉంటుంది. నేను అడిగేవి ఇవి: "నిన్న పని ఎక్కడ ఆగింది?" "ఏ పని రెండోసారి చేయాల్సి వచ్చింది?" "ఇవాళ దేనికోసం ఎదురుచూస్తున్నారు?" మొదటి ప్రశ్నలోనే పని ఆగిందని మనం ఒప్పుకుని అడుగుతున్నాం. కాబట్టి చెప్పేవాడికి భయం తగ్గుతుంది. అడిగాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది ఏడో ఎనిమిదో అంకె దగ్గర నోరు విప్పుతారు.

మా దగ్గర ఒడిశా, బిహార్ వాళ్ళు 17 మంది ఉన్నారు. వాళ్ళ మధ్యకి వెళ్ళి తెలుగులో అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళు. "కల్ కహా అటకా?" అని నేర్చుకున్నాను. నా హిందీలో తప్పులున్నాయని నాకు తెలుసు. అయినా ఆ మూడు మాటలు ఎన్ని వేల రూపాయలు మిగిల్చాయో నోట్‌బుక్‌లో ఉంది. స్లాటింగ్ బ్లేడు మొద్దుబారి అంచులు చిరుగుతున్నాయని ఒక ఒడిశా అబ్బాయి చెప్పింది అలా అడిగిన మూడో రోజునే.

కబురు చెవిన పడిన మొదటి పది సెకన్లు

అన్నిటికంటే కష్టమైన అలవాటు ఇదే. నాకు ఇప్పటికీ నెలకి ఒకటి రెండు సార్లు తప్పుతుంది.

కబురు తెచ్చిన మనిషి మన మాటకంటే ముందు మన మొహం చూస్తాడు. కనుబొమ్మ ముడిపడిందా, పెన్ను బల్ల మీద విసిరామా, ఊపిరి గట్టిగా వదిలామా అన్నది గమనిస్తాడు. రేపు ఇంకో కబురు తేవాలా వద్దా అన్నది ఆ పది సెకన్లలోనే తేల్చుకుంటాడు. అది అతనితో ఆగదు. గది బయటికి వెళ్ళగానే "ఎలా ఉన్నారు ఇవాళ?" అని పక్కవాడు అడుగుతాడు. అంటే ఒక మనిషి ముందు మన ప్రవర్తన 46 మందికీ చేరుతుంది.

దీనికి నేను చేసింది ఒక వాక్యం బట్టీ పట్టడం. "చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?" కోపం వచ్చినా, టెన్షన్ పడినా, ఇంట్లో పిల్లాడికి జ్వరంగా ఉన్నా నోటివెంట ముందు ఈ వాక్యమే రావాలి. ఇంట్లో గట్టిగా అనుకుంటూ ఒక వారం సాధన చేశాను. మీ మాట మీరు తయారుచేసుకోండి, కానీ రెండు ముక్కలూ ఉండాలి. మొదటి ముక్క చెప్పినందుకు మెచ్చుకోలు, రెండో ముక్క ప్రస్తుతం పరిస్థితి ఏమిటన్న ప్రశ్న. 'ఎందుకు జరిగింది' అన్నది ఆ క్షణాన అడగకండి. ఎందుకు అనే మాట ఆ వేడిలో నిందలాగే వినిపిస్తుంది. కారణం మర్నాడు వెతుక్కోవచ్చు, అదీ కూర్చుని, టీ తాగుతూ.

తర్వాత ఒక గ్లాసు మంచినీళ్ళు తాగుతాను. నీళ్ళు తాగుతుంటే మాట్లాడలేం కదా, ఆ అర నిమిషం చాలా మాటల్ని ఆపేస్తుంది.

తప్పి తిట్టినప్పుడు ఏం చేయాలి? ఎక్కడ తిట్టామో అక్కడే, ఎవరి ముందు తిట్టామో వాళ్ళ ముందే, ఆ రోజే క్షమించమని అడగాలి. స్టిచింగ్ ఆయన్ని అందరి ముందూ తిట్టి, నాలుగు రోజుల తర్వాత గదిలోకి పిలిచి సారీ చెప్పాను 2016లో. ఆయన తల ఊపాడు, కానీ బయట ఉన్న ఇరవై మందికి ఆ సంగతి తెలియదు కదా. మళ్ళీ ఒక రోజు మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అందరి ముందూ చెప్పాను. "తీగ అయిపోయిందని అన్న ముందుగానే చెప్పారు, నేను తిట్టాను, తప్పు నాది." ఆ సాయంత్రమే పేస్టింగ్ అబ్బాయి వచ్చి గమ్ పౌడర్ కొత్త బస్తాలు గడ్డలు కడుతున్నాయని చెప్పాడు.

టయోటా ఫ్యాక్టరీల్లో లైను మీద పనిచేసే ఎవరైనా సరే, తేడా కనిపిస్తే తాడు లాగో, బటన్ నొక్కో పిలుస్తారు, వెంటనే సరిచేయలేకపోతే లైను ఆగిపోతుంది. దాన్ని ఆండన్ అంటారు. దాని గురించి చదివి మా యూనిట్‌లో ప్రతి మెషిన్ దగ్గరా ఒక ఎర్ర గుడ్డ కట్టించాను. మొదటి నెల ఒక్కరూ ముట్టుకోలేదు. గుడ్డ కట్టినంత మాత్రాన ధైర్యం రాదు. మొదటిసారి ఒకతను గుడ్డ ఎత్తి మెషిన్ ఆపినప్పుడు, చూస్తే ఆపాల్సినంత తేడా లేదు. ముప్పావు గంట పోయింది, లారీ ఆలస్యమైంది. అప్పుడు అందరి ముందూ అతనికి మెచ్చుకోలుగా చెప్పాను, "అనుమానం వస్తే ఆపమనే చెప్పాను, ఆపావు." ఆ రోజు నేను ఒక్క చిరాకు మాట అన్నా ఆ గుడ్డలు ఇప్పటికీ దుమ్ము పట్టి వేలాడుతుండేవి.

బయటివాళ్ళ ముందు తప్పు మనది

శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేకరులతో మాట్లాడమని కలాం గారినే పంపారు. కలాం గారు దీన్ని జీవితాంతం చెప్పుకున్నారు. గొప్పవాళ్ళ సంగతి అనిపిస్తుంది గానీ, ఇది రోజూ చేయగలిగిన పనే.

కస్టమర్ ఫోన్ చేసి కొలత తప్పిందంటే "మావాడు తప్పు కొలిచాడండీ" అనడం చాలా తేలిక. ఆ మాట ఆఫీసులో పక్కన కూర్చున్నవాళ్ళు వింటారు. "మా దగ్గర తప్పు జరిగింది, రేపు సాయంత్రానికి మార్చి పంపుతాను" అనండి. ఫోన్‌లో మనిషి పేరు ఎత్తకండి. మెచ్చుకుంటూ ఫోన్ వస్తే మాత్రం పేరుతో సహా చెప్పండి, వీలైతే ఫోన్ ఆ మనిషి చేతికే ఇవ్వండి.

మీ దగ్గర ఆగిపోయే నిర్ణయాలు

2018లో నాకు డెంగ్యూ వచ్చి పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. ప్లేట్‌లెట్స్ కంటే ఎక్కువగా ఫోన్లు లెక్కపెట్టుకున్నాను. బెల్టు తెగింది కొనమంటారా, లారీకి 500 ఎక్కువ అడుగుతున్నాడు ఇమ్మంటారా, ఫలానావాడు రేపు సెలవంటున్నాడు ఒప్పుకోమంటారా. జ్వరంలోనూ నన్ను అడిగే చేస్తున్నారని మొదట గర్వపడ్డాను. తర్వాత సిగ్గేసింది. నా పరిస్థితి తెలిసినవాళ్ళు పెద్ద ఇబ్బందుల్ని మాత్రం చెప్పకుండా దాచి, ఈ చిన్నవాటితో నా టైము నింపారు.

కోలుకున్నాక ఒక వారం పాటు నన్ను అడిగిన ప్రతి ప్రశ్ననీ రాశాను. 61 వచ్చాయి. ఒక్కొక్కదాని పక్కన రాసుకున్నాను. ఇది తప్పు పోతే ఎంత నష్టం? తప్పు పోయినా వెనక్కి తీసుకోగలమా? నష్టం 5,000 లోపు, వెనక్కి తీసుకోగలిగేవి 43. ఆ 43 రకాలనీ సూపర్‌వైజర్‌కి, డిస్పాచ్ అమ్మాయికి, మెయింటెనెన్స్ అతనికి పంచి రాసి గోడకి అంటించాను. వాళ్ళే చేయాలి, చేశాక సాయంత్రం ఒక మాట చెప్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకసారి ఇచ్చాక వెనక్కి లాక్కోకూడదు. మెయింటెనెన్స్ అతను 4,200 పెట్టి ఒక బేరింగ్ కొన్నాడు, 3,500కి దొరికేది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ 700 తిరిగి తెచ్చుకోవడానికి మాట అనుంటే 43 నిర్ణయాలూ మళ్ళీ నా బల్ల మీదకి వచ్చేవి. అతనే నెల తిరక్కుండా బాలానగర్‌లో తక్కువకి ఇచ్చే షాపు వెతుక్కున్నాడు. చిన్న ప్రశ్నలు తగ్గాకనే నా గదిలోకి పెద్ద కబుర్లు రావడం మొదలైంది, దారి ఖాళీ అయింది కాబట్టి.

శుక్రవారం డబ్బు కాగితం

చెడు కబురు పైకి రావాలని ఇంతసేపు చెప్పాను. మననుంచి కిందికి కూడా వెళ్ళాలి. నేను ఈ విషయంలో పెద్ద తప్పు చేశాను.

2019లో రెండు పెద్ద పార్టీలు డబ్బు ఆపేశాయి. జీతాలు 7వ తేదీకి ఇవ్వాల్సినవి 10కి ఇచ్చాను. ఎవరికీ కారణం చెప్పలేదు, మా ఆయనకి కూడా. మనసులో పెట్టుకుని నవ్వుతూ తిరిగాను. ఆ మూడు రోజుల్లో యూనిట్ అమ్మేస్తున్నారని పుకారు పుట్టింది. మంచి పనివాళ్ళు ఇద్దరు పక్క యూనిట్‌కి వెళ్ళిపోయారు. నిజం చెప్తే మూడు రోజులు ఆగేవాళ్ళే. ఆ తర్వాత వచ్చి ఒకతను అన్నాడు, "చెప్పుంటే ఉండేవాళ్ళం మేడమ్."

ఇప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాస్తాను. బ్యాంకులో ఉన్నది, సీసీ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్‌లో మిగిలినదీ కలిపి. వచ్చే పదిహేను రోజుల్లో ఖచ్చితంగా రావలసినది. ఆ పదిహేను రోజుల్లో ఇవ్వాల్సినది. 45 రోజులు దాటిన బాకీ. అకౌంటెంట్‌తో, సూపర్‌వైజర్‌తో కలిసి అరగంట చూస్తాం. అంకె బాగా లేని వారం కూడా వాళ్ళిద్దరికీ చూపిస్తాను. జీతం ఆలస్యమయ్యేలా ఉంటే రెండు రోజుల ముందే అందరినీ నిలబెట్టి ఫలానా తేదీకి ఇస్తానని చెప్తాను. 2019 తర్వాత అలా చెప్పాల్సిన పరిస్థితి ఒక్కసారే వచ్చింది. ఎవరూ మానలేదు.

నాలుగో అంకె గురించి ఒక మాట. ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకి, ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెప్తోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువులో కట్టని ఆ మొత్తాన్ని కొన్నవాళ్ళు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోవాలంటే కట్టిన ఏడాదిలోనే చూపుకోగలరు. అందుకే ఇప్పుడు నేను నలభయ్యో రోజున మర్యాదగా ఒక మెయిల్ పెడతాను, ఫోన్‌లో బతిమాలను.

నేను కొనేవాళ్ళ విషయంలోనూ అంతే పట్టుగా ఉంటాను. పెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపర్ ఏజెంట్‌కి చెప్పిన తేదీకి డబ్బు వెళ్ళిపోతుంది. మిల్లు రేటు పెంచబోతున్నా, వచ్చే లోడు తడిసిందన్నా ఆయన ముందు ఫోన్ చేసేది నాకు. డబ్బు కోసం తిప్పించుకునే మనిషికి ఎవరూ ఫోన్ చేసి చెడు కబురు చెప్పరు.

మన సంగతి

నిద్ర తక్కువైన రోజు నా పది సెకన్లు తప్పుతాయి, నోట్‌బుక్‌లో తేదీలు చూస్తే అది స్పష్టంగా కనిపించింది. అందుకని పదిన్నరకి ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటాను. ఇంతకంటే దీని గురించి చెప్పేది లేదు.

చదువు విషయానికొస్తే, మీ వ్యాపారంలో మీకు అర్థం కాని పని ఒకటి ఎంచుకుని ఆరు నెలలు దాని దగ్గర నిలబడండి. నేను 2017లో బర్స్టింగ్ టెస్టర్ మీద కాగితం బలం చూడటం, తేమ కొలవడం, జిగురు చిక్కదనం చూడటం మా పేస్టింగ్ అబ్బాయి దగ్గరే నేర్చుకున్నాను. కాగితం గాలిలో తేమ పీలిస్తే పెట్టె బరువు మోసే శక్తి తగ్గుతుందని, పేస్టింగ్ అయిన షీటు ఎండాకాలంలో ఆరినంత త్వరగా వానాకాలంలో ఆరదని తెలిశాక, జులైలో డెలివరీ తేదీలు ఒప్పుకునేటప్పుడే ఒక రోజు ఎక్కువ అడుగుతున్నాను. పని తెలియని యజమానికి కబురు చెప్పినా ఏం చెప్తున్నారో అర్థం కాదు. పైగా, ఇరవై ఐదేళ్ళ కుర్రాడు గురువై యజమానికి నేర్పితే, ఆ తర్వాత అతను నిజం చెప్పడానికి ఆలోచించడు.

మనకి ఎదురు చెప్పేవాళ్ళు బయట కూడా ఉండాలి. బాలానగర్, జీడిమెట్లలో యూనిట్లు ఉన్న ముగ్గురితో నెలకోసారి కూర్చుంటాను. ఒక్కొక్కరం ఆ నెల చేసిన తప్పు ఒకటి చెప్పాలి. లాభాల మాట ఎత్తకూడదు. ముగ్గురివీ వేరే వ్యాపారాలు కావడం మంచిదైంది, పోటీ లేదు కాబట్టి దాచుకునేది లేదు.

సలహాల పెట్టె పెట్టాను, రెండేళ్ళలో నాలుగు చీటీలు వచ్చాయి, తీసేశాను. పొద్దున్నే వాట్సాప్‌లో మంచి మాటలు పంపేదాన్ని, ఎవరూ చదివేవాళ్ళు కాదు, మానేశాను. సోమవారం మీటింగులో అందరినీ నిలబెట్టి సమస్యలు చెప్పమంటే ఎవరూ చెప్పరు. ఇరవై మందిలో చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు మీకు ముందే చెప్పేసి ఉంటారు.

మధ్యలో ఉండే మంచి మనిషి

ఇంత చేసినా ఒక చోట కబురు ఆగిపోవచ్చు. మీకూ వాళ్ళకీ మధ్య ఉండే మనిషి దగ్గర.

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు పోయారు. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందురోజు రాత్రే చెప్పారు, ఇంత చలిలో జాయింట్లలో ఉండే ఓ-రింగులనే రబ్బరు వలయాలు గట్టిపడి పనిచేయకపోవచ్చు, ఎగరేయవద్దని. వాళ్ళ మేనేజర్లు చివరికి సరేనన్నారు. ఆ రాత్రి జరిగిన వాదన ప్రయోగానికి ఆఖరి మాట చెప్పాల్సిన పెద్దల దాకా వెళ్ళనే లేదని విచారణ సంఘం తేల్చింది. కింద తెలుసు, పైన తెలియదు. మధ్యలో ఆగిపోయింది. దాని గురించి చదివినప్పుడు నాకు మా సూపర్‌వైజర్ గుర్తుకొచ్చారు.

ఆయన మామయ్యగారి కాలం మనిషి. ఇరవై రెండేళ్ళ నమ్మకం. నేను ఆయన్ని అన్నగారూ అని పిలుస్తాను. నాకు చికాకు కలగకూడదని చాలా విషయాలు తనలోనే దాచుకుని సర్దేసేవారు. అది ప్రేమే. కానీ 2016లో షీట్లు ఆరకుండానే క్రీజింగ్‌కి పంపమన్నది ఆయనే, లారీ టైము దాటితే నేను కంగారు పడతానని.

ఇలాంటి మనిషిని దాటుకుని కిందివాళ్ళతో నేరుగా మాట్లాడితే ఆయన పరువు పోతుంది. తీసేస్తే అనుభవం పోతుంది. నేను చేసింది చెప్తాను, ఇది నెమ్మదైన పని. ముందు ఉదయం చుట్టుకి ఆయన్నీ వెంట తీసుకెళ్ళాను, మూడు నెలలు. ప్రశ్నలు ఆయన చేతే అడిగించాను, నేను పక్కన నిలబడ్డాను. ఎవరైనా ఇబ్బంది చెప్తే "అన్నగారు చూసుకుంటారు" అనేదాన్ని, దానివల్ల కబురు వచ్చినందుకు పేరు ఆయనకి వచ్చింది. తర్వాత సాయంత్రం ఐదున్నరకి పది నిమిషాలు ఇద్దరం కూర్చోవడం మొదలుపెట్టాం. ముందు నేను నా రోజులో జరిగిన తప్పు ఒకటి చెప్తాను. "ఇవాళ ఆ పార్టీకి రేటు తప్పు చెప్పానన్నా, 8,000 పోయింది." తర్వాత ఆయన వంతు. మొదటి నెలంతా ఆయన వంతు వచ్చేసరికి "ఏం లేదమ్మా" అనేవారు. నేను తొందరపెట్టలేదు, నా తప్పులు చెప్తూనే ఉన్నాను. ముప్పై నాలుగో రోజున, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు, "రెండో కారుగేషన్ మెషిన్ రోలు అరిగిపోయి ఏడాదైందమ్మా. ఖర్చవుతుందని చెప్పలేదు."

ఆ రోలు మార్చడానికి లక్షా ఎనభై వేలు అయింది. ఈ ఏడాది ఆయన రిటైర్ అవుతున్నారు. నాలుగు గడుల నోట్‌బుక్ ఇప్పుడు ఆయన బల్ల మీద ఉంటోంది, పేస్టింగ్ అబ్బాయికి రాయడం నేర్పుతున్నారు.